ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో దానికి ఇంకో ముక్క చేర్చుకోవచ్చు.. లక్ష కిలోమీటర్లు దాటిన పెద్ద కారు కొని చూడు!

కొత్త చిన్న కారుకు పెట్టే డబ్బుతో పదేళ్ల కిందటి జర్మన్ సెడాన్ వస్తుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. తోలు సీట్లు, చుట్టూ ఎయిర్‌బ్యాగులు, గతుకుల రోడ్డు మీద కూడా పరుపు మీద కూర్చున్నంత సుఖం. ఇదంతా నిజమే. కానీ ఒక్క సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. ఏళ్లు గడిచేకొద్దీ ధర తగ్గేది కారుకే, దాని సామానుకు కాదు. 45 లక్షల కారు పదేళ్లకు తొమ్మిదిన్నర లక్షలకు దిగినా, దాని బ్రేక్ డిస్కులు మాత్రం 45 లక్షల కారు బ్రేక్ డిస్కులే. కొనేది పాత ధరకు, పోషించేది కొత్త ధరకు. ఈ లెక్క మనసులో పెట్టుకుని దిగితే ఇంతకంటే మంచి బేరం లేదు. మరిచిపోతే ఇంతకంటే గుదిబండ లేదు.

ఏడాదిన్నరగా అలాంటి కారును నేనే నడుపుతున్నాను, నేనే బాగు చేయించుకుంటున్నాను. ఆ అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను.

నాకెందుకీ కారు?

దర్జా కోసం మాత్రం కాదు. మేముండేది విజయవాడలో. అమ్మకు వెన్నెముక ఆపరేషన్ అయింది. మూడు నెలలకోసారి హైదరాబాద్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి. సుమారు 270 కిలోమీటర్ల దారి. మా చిన్న కారులో సూర్యాపేట చేరేసరికే ఆవిడ ముఖం వాడిపోయేది. మావారికి విశాఖలో ఉద్యోగం. కాబట్టి డ్రైవింగ్ నాదే, దారిలో ఏదైనా జరిగితే చూసుకోవాల్సిందీ నేనే. వెనక సీటులో అమ్మ నడుం వాల్చగలగాలి, నందిగామ దాటాక చీకట్లో నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టకూడదు. నా కోరికలు ఈ రెండే.

నాలుగేళ్లు కట్టిన చీటీ డబ్బు, కొంత పొదుపు కలిపితే పన్నెండున్నర లక్షలు తేలాయి. అందులో 3 లక్షలు ముందే వేరే ఖాతాలో వేసి, మిగిలిన తొమ్మిదిన్నర లక్షల్లోనే కారు వెతికాను. దొరికింది 2014 మోడల్ డీజిల్ ఆటోమేటిక్. మీటరు మీద 1,18,000 కిలోమీటర్లు. ఆ 3 లక్షలు చూసి మా ఆడపడుచు, "వదినా, ఇంకో మూడు వేస్తే ఇంకా కొత్త మోడలే వచ్చేది కదా!" అంది. వచ్చేదే. కానీ ఆ తర్వాత బ్రేకులు వేయించడానికి ఏ గాజులు తాకట్టు పెట్టాలి?

కొనాలనుకునే వాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. చేతిలో ఉన్న డబ్బులో పాతిక వంతు దాకా కారుకు పెట్టకండి, కారు పోషణకు ఉంచండి. అది లేకుండా పెద్ద కారు కొనడం, ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే.

కాగితాలు ముందు

ఇది త్వరగా తేల్చేయాల్సిన పని. ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు చేయించి ఆర్సీ మీ పేరుకు మార్పించుకోండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చవకగా వచ్చిందనుకున్న బయటి రాష్ట్రం కారు ఈ ట్యాక్స్‌తో చవక కాకుండా పోవచ్చు. పాత యజమాని అప్పు మీద కొని ఉంటే ఆ అప్పు తీరినట్లు ఆర్సీలో నమోదు కావాలి.

ఇన్సూరెన్స్ సంగతి చాలామందికి తెలియదు. కారు మారిన 14 రోజుల్లోగా పాలసీని మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. లేకపోతే మీ కారుకు దెబ్బ తగిలినప్పుడు పరిహారం దగ్గర పేచీ వస్తుంది. పాత యజమానికి ఉన్న నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, కారుతో పాటు మీకు రాదు. ఆయన ఫాస్టాగ్ తీసేయించి మీది వేయించుకోండి. బాకీ చలాన్లు ఉన్నాయేమో చూడండి.

మొదటి నెలలోనే..

"మొన్ననే సర్వీసు చేయించానండీ" అని ప్రతి అమ్మకందారూ అంటాడు. బిల్లు చూపించనంత వరకు అది జరగనట్లే లెక్క. ఏది ఎప్పుడు మార్చారో తెలియని కారును తెచ్చాక, సున్నా నుంచి మొదలుపెట్టడం ఒక్కటే దారి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ (పెట్రోలు కారైతే స్పార్క్ ప్లగ్‌లు), బ్రేక్ ఆయిల్, కూలెంట్.. ఇవన్నీ ఒకేసారి మార్పించి, ఆ తేదీ, ఆ రోజు మీటరు అంకె రాసి పెట్టుకోవాలి. ఇక అక్కడి నుంచి లెక్క మీ చేతిలో ఉంటుంది.

ఇంజిన్ ఆయిల్: షాపులో 5డబ్ల్యూ-30 అని అడిగితే పది రకాలు చూపిస్తారు. అది చిక్కదనం కొలత మాత్రమే. కంపెనీ ఆమోదించిన నంబరు ఒకటి ఉంటుంది. కారు పుస్తకంలో రాసిన ఆ నంబరే డబ్బా వెనకా ఉండాలి. పొగగొట్టంలో మసిని ఆపే ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిలే పోయాలి. లేకపోతే ఆ ఫిల్టర్ పూడిపోతుంది. పుస్తకంలో గడువు ఎక్కువే ఉన్నా, వయసు మళ్లిన ఇంజిన్‌కు నేను 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది.. ఏది ముందైతే అది పాటిస్తున్నాను. మధ్యలో నెలకోసారి ఆయిల్ మట్టం చూస్తాను. పాత ఇంజిన్లు కాస్తోకూస్తో ఆయిల్ తాగుతాయి.

బ్రేక్ ఆయిల్: ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ ఘాట్ రోడ్డులో, బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు మరిగి బుడగలు కడుతుంది. పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, కారు ఆగదు. అందుకే తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి.

గేర్‌బాక్స్ ఆయిల్: "ఇది జీవితకాలం ఉంటుంది, మార్చక్కర్లేదు" అని కొన్ని కార్ల కంపెనీలు చెబుతాయి. ఎవరి జీవితకాలం? ఎన్నో పెద్ద కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారు చేసి ఇచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రం, వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటోంది. చేసినవాడి మాట వినడమే మేలు. ఆయిల్‌తో పాటు ఫిల్టర్ కూడా మార్చాలి. కొన్నింటిలో ఆ ఫిల్టర్ కింది ప్లాస్టిక్ పళ్లెంతో కలిసే ఉంటుంది, మొత్తం మార్చాల్సిందే. నాకు 42 వేలయింది. గేర్‌బాక్స్ పాడైతే అయ్యే ఖర్చు ముందు ఇది చిల్లర.

టైమింగ్ బెల్టు: మీ ఇంజిన్‌లో బెల్టు ఉందా, చైన్ ఉందా కనుక్కోండి. బెల్టు అయితే మార్చినట్లు బిల్లు లేకుంటే వెంటనే మార్చేయండి. పరుగులో అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి కొట్టుకుని ఇంజిన్ మొత్తం చేతికొస్తుంది. చైన్ అయితే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గలగలమని శబ్దం వస్తోందేమో చెవి పెట్టి వినండి. ఆ శబ్దాన్ని వాయిదా వేయకూడదు.

మన ఎండలకు తట్టుకోవాలంటే..

ఈ కార్లు పుట్టింది చలిదేశంలో. తిరిగేది రోహిణీ కార్తెలో, బెజవాడ ట్రాఫిక్‌లో. పదేళ్లు దాటేసరికి ఇంజిన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ ట్యాంకులు, రబ్బరు గొట్టాలు ఎండిన అప్పడాల్లా పెళుసెక్కిపోతాయి. ముందుగా పగిలేది కూలెంట్ ట్యాంకో, దాని గొట్టమో. పగిలినప్పుడు చప్పుడు కూడా కాదు. కారు కింద రంగు నీళ్ల చుక్క ఒకటి కనిపిస్తుంది, అంతే.

మా ఆఫీసులోనే ఓ స్నేహితురాలికి ఇలాగే జరిగింది. ఉన్న డబ్బంతా పెట్టి, కొంత అప్పు చేసి 8 లక్షలకు పెద్ద కారు కొన్నారు. కూలెంట్ ట్యాంకు చిట్లింది. కొత్త ట్యాంకు 6 వేలు. వచ్చే నెల చూద్దాంలే అని రోజూ కుళాయి నీళ్లు పోసి నడిపారు. ఏప్రిల్‌లో పెళ్లికి వెళ్తూ దారిలో ఎర్ర దీపం వెలిగింది. ఊరు ఇంకో పది కిలోమీటర్లే కదా అని పోనిచ్చారు. ఇంజిన్ హెడ్ వంకరపోయింది. బిల్లు రెండున్నర లక్షలు దాటింది. చేతిలో రూపాయి లేదు. అయిదు నెలలు కారు కవరు కప్పుకుని ఇంటి ముందు నిలబడింది. నెల నెలా వాయిదా మాత్రం ఆగలేదు. ఆవిడ రోజూ ఆ కవరు పక్కనుంచే ఆటో ఎక్కి ఆఫీసుకు వచ్చేవారు. 6 వేలు చేసిన పని ఇది.

అందుకే వేసవికి ముందు, మార్చిలోనే కూలెంట్ ట్యాంకు, మూత, గొట్టాలు, థర్మోస్టాట్, నీళ్ల పంపు చూపించండి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పోయకండి. వాటిలోని ఉప్పు లోపల గార కడుతుంది. కూలెంట్‌ను ఆకుపచ్చ, ఎరుపు అని రంగు చూసి కలపకండి, పుస్తకంలో చెప్పిన రకమే పోయించండి. వేడి మీద ఉన్న ఇంజిన్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి. ప్రెషర్ కుక్కర్ మూత వేడి మీద లాగుతామా? ఇదీ అంతే.

డ్యాష్‌బోర్డు మీద దీపాల భాష కూడా కష్టమేం కాదు. ఎరుపు వెలిగితే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. ముఖ్యంగా వేడి గుర్తు, అల్లావుద్దీన్ దీపంలా ఉండే ఆయిల్ గుర్తు. పసుపు వెలిగితే నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లి త్వరలో చూపించుకోవాలి. ఇంజిన్ గుర్తు మిణుకు మిణుకుమంటుంటే మాత్రం అది పసుపైనా ఆగడమే మంచిది.

ఎయిర్‌బ్యాగు మాట మరవద్దు

వాడిన కారు కొన్నవాళ్లు తప్పకుండా చూసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. జపాన్‌కు చెందిన తకాతా సంస్థ తయారు చేసిన ఎయిర్‌బ్యాగులు కోట్లాది కార్లలో ఉండేవి. వాటిని ఉబ్బించే డబ్బాల్లో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు చెడిపోయి, ప్రమాద సమయంలో డబ్బానే పేలి ఇనుప ముక్కలు మనిషి మీదికి వచ్చిన సంఘటనలు ప్రపంచమంతటా జరిగాయి. ఆ సంస్థ 2017లో దివాలా తీసింది. మన దేశంలోనూ పలు కంపెనీలు అలాంటి కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా మార్చాయి. వేడీ తేమా రెండూ ఉన్న మన కోస్తా వాళ్లం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

చేతులు మారిన కార్లకు కంపెనీ పంపిన ఉత్తరం పాత యజమానికే పోతుంది, మీకు తెలియదు. కాబట్టి ఆర్సీ మీద ఉండే 17 అక్షరాల ఛాసిస్ నంబరును ఆ కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఇచ్చి, "ఈ కారుకు పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందా?" అని అడగండి. ఉంటే పైసా ఖర్చు లేకుండా చేసిస్తారు.

కారు స్టార్ట్ చేయగానే ఎయిర్‌బ్యాగు దీపం కాసేపు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్న కారుకు కొత్తవి వేయకుండా దీపం తీగ కత్తిరించి అమ్మేవాళ్లు ఉన్నారు.

"సార్‌ని తీసుకురండి మేడమ్!"

కొన్న నాలుగో నెలలో ఒక పొద్దున కారు తెర మీద వరసగా పసుపు దీపాలు. గేర్‌బాక్స్ లోపం అని ఒకటి, స్టీరింగ్ అని ఒకటి, బ్రేకులని ఒకటి. ఊళ్లో పేరున్న ఓ గ్యారేజీకి తీసుకెళ్లాను. కంప్యూటర్ తగిలించి చూసి, "గేర్‌బాక్స్ లోపలి కంట్రోల్ యూనిట్ మార్చాలి, లక్షా ఎనభై వేలవుతుంది" అన్నారు. ఏం పరీక్ష చేశారని అడిగితే, "అవన్నీ మీకర్థం కావు మేడమ్, సార్‌ని తీసుకురండి, ఆయనకు చెబుతాం" అన్నాడు అక్కడి సూపర్‌వైజర్.

"ఆర్సీ నా పేరు మీదే ఉందండీ, నాకే చెప్పండి" అన్నాను. చెప్పలేదు. కారు తీసుకుని వచ్చేశాను.

ఆటోనగర్‌లో ఇలాంటి కార్లే చూసే పెద్దాయన ఒకరున్నారని తెలిసింది. ఆయన కంప్యూటర్ కంటే ముందు బ్యాటరీకి మీటరు పెట్టారు. "అమ్మా, గేర్‌బాక్స్ జోలికి పోవద్దు. బ్యాటరీ నీరసపడింది. ఈ కార్లలో కరెంటు చాలకపోతే కంప్యూటర్లన్నీ ఒకేసారి గగ్గోలు పెడతాయి" అన్నారు. కొత్త బ్యాటరీ 23 వేలు. దీపాలన్నీ ఆరిపోయాయి. ఇప్పటి దాకా మళ్లీ వెలగలేదు.

ఆ రోజు ఆయన చెప్పిన ఇంకో మాట ఇక్కడ చెప్పాలి. ఇలాంటి చాలా కార్లలో బ్యాటరీ మార్చితే సరిపోదు, కొత్తది వేసినట్లు కారు కంప్యూటర్‌కు నమోదు చేయాలి. లేకపోతే పాతదనుకుని దానికి తగ్గట్టు ఛార్జి చేసి కొత్తదాన్నీ పాడు చేస్తుంది. అందుకే వీధి చివర బ్యాటరీ షాపులో ఈ పని చేయించకూడదు.

స్కానర్ చెప్పేది "ఫలానా చోట తేడా ఉంది" అని మాత్రమే. ఏ సామాను పాడైందో చెప్పదు. జ్వరం చూసే థర్మామీటరు లాంటిదది. టైఫాయిడా, మలేరియానా అన్నది డాక్టరే తేల్చాలి. కాబట్టి ఎవరు ఏ పెద్ద సామాను మార్చమన్నా మూడు ప్రశ్నలు అడగండి. ఏం పరీక్ష చేసి తేల్చారు? సరిగ్గా ఏ సామాను, ఏ కంపెనీది? ఇప్పుడు మార్చకపోతే ఏమవుతుంది? పని తెలిసినవాడు మూడింటికీ ఓపిగ్గా జవాబు చెబుతాడు. చెప్పనివాడి దగ్గర కారు వదలకండి. అంచనా కాగితం మీద రాయించుకోండి. తీసేసిన పాత సామాను చూపించమనండి.

సామాను విషయంలో పొదుపు చేసే దారి ఉంది. కార్ల కంపెనీలు ఫిల్టర్లు, షాక్ అబ్జార్బర్లు, బ్రేక్ ప్యాడ్లు చాలావరకు తామే తయారు చేయవు. బాష్, మాన్, సాక్స్, లెమ్‌ఫోర్డర్ లాంటి సంస్థల దగ్గర చేయించి తమ డబ్బాలో పెడతాయి. అదే వస్తువు ఆ సంస్థల సొంత డబ్బాలో తక్కువకు దొరుకుతుంది. పాత కార్ల నుంచి విప్పిన సెకండ్ హ్యాండ్ సామాను కూడా అమ్ముతారు. అద్దాలు, తలుపు పిడులు, సీటు స్విచ్చుల్లాంటివి అలా తీసుకోవచ్చు. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగులు, టైర్లు మాత్రం కొత్తవే కొనండి.

టైర్లకూ పుట్టినరోజు ఉంటుంది

టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అరుగుదల లేకపోయినా ఆరేళ్లు దాటితే రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు తప్పుతుంది. అమ్మకానికి నిలబెట్టిన కార్లకు నల్లగా పాలిష్ చేసిన ముసలి టైర్లే ఎక్కువ. అంకెలు చూడండి.

చాలా పెద్ద కార్లలో స్టెప్నీ ఉండదు. గాలి పోయినా సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు మించకుండా మరో 80 కిలోమీటర్లు వెళ్లగల రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు. అవి మామూలు వాటికంటే ఖరీదు, కాస్త గట్టిగా కూడా ఉంటాయి. అమ్మ నడుము కోసం నేను మామూలు టైర్లే వేయించి, డిక్కీలో సన్న స్టెప్నీ, జాకీ, గాలి కొట్టే చిన్న పంపు పెట్టుకున్నాను. రెండింటిలో ఏదో ఒక ఏర్పాటు ఉండాలి. మామూలు టైర్లు వేయించి స్టెప్నీ లేకుండా హైవే ఎక్కకూడదు.

కింది వైపు ఆర్మ్‌లు, వాటి రబ్బరు బుష్‌లు మన స్పీడ్ బ్రేకర్ల పుణ్యమా అని త్వరగా పోతాయి. స్టీరింగ్ ఊగినా, గతుకులో టకటకమన్నా అవే. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు పొద్దున్నే ఒక మూల కుంగి కనిపిస్తే గాలి సంచి కారుతోందని అర్థం. అప్పుడే చూపిస్తే ఒక సంచితో పోతుంది. ఊరుకుంటే గాలి కొట్టీ కొట్టీ కంప్రెసర్ కూడా కాలిపోతుంది.

వేపచెట్టు కింద పెడుతున్నారా?

నీడ కోసం చెట్టు కింద పెట్టడం మంచిదే. కానీ అద్దం కింద, బానెట్ వెనక సందులో ఆకులు పేరుకుని నీళ్లు పోయే కంతలు మూసుకుపోతాయి. సన్‌రూఫ్ ఉన్న కార్లకు నాలుగు మూలలా సన్న గొట్టాలుంటాయి, అవీ అంతే. అప్పుడు వాన నీళ్లు కారు లోపలికి దిగుతాయి. కార్పెట్ తడిస్తే ఎండబెట్టొచ్చు. కానీ కొన్ని కార్లలో ఆ కార్పెట్ కిందే కంప్యూటర్ పెట్టెలు ఉంటాయి. వానాకాలానికి ముందు ఆ ఆకులు మనమే చేత్తో తీసేయొచ్చు. ఈ పనికి మెకానిక్ అక్కర్లేదు, అరగంట చాలు.

వానల్లో ఎలుకలు వెచ్చదనం కోసం బానెట్ కిందికి చేరి వైర్లు కొరుకుతాయి. కారును వారాల తరబడి కదపకుండా ఉంచకండి. డీజిల్ కారును ఎప్పుడూ బజారుకూ బడికీ మాత్రమే తిప్పితే మసి ఫిల్టర్ పూడుతుంది. పదిహేను రోజులకోసారి అరగంట హైవే మీద తిప్పితే అదే శుభ్రమవుతుంది. పాత పెట్రోలు కారు ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికోసం తయారైనవి కావు. సర్వీసు చేయించిన ప్రతిసారీ వాటిని చూడమనండి. కారులో పెట్రోలు వాసన వస్తే ఆ రోజే చూపించండి.

నా లెక్కల పుస్తకం

ఇంటి ఖర్చులు రాసుకున్నట్లే కారుకు ఒక నోటుపుస్తకం పెట్టాను. తొలి ఏడాది లెక్క ఇదీ:

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లన్నీ - 24,000
గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ - 42,000
బ్రేక్ ఆయిల్, ముందు డిస్కులు, ప్యాడ్లు - 38,000
కూలెంట్, ట్యాంకు, గొట్టాలు, థర్మోస్టాట్ - 27,000
ముందు ఆర్మ్‌లు, బుష్‌లు, అలైన్‌మెంట్ - 46,000
నాలుగు టైర్లు - 68,000
బ్యాటరీ - 23,000

మొత్తం 2,68,000. పక్కన పెట్టిన 3 లక్షల్లో 32 వేలు మిగిలాయి. ఇందులో ఏదీ ఆకాశం ఊడిపడ్డట్టు వచ్చిన ఖర్చు కాదు. లక్ష కిలోమీటర్లు దాటిన కారుకు వచ్చి తీరేవే. డబ్బు ముందే ఉంది కాబట్టి ఏ రోజూ "వచ్చే నెల చూద్దాం" అనలేదు. ఆ ఏడాది హైదరాబాద్‌కు నాలుగుసార్లు వెళ్లొచ్చాం, దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు.

ప్రతి సర్వీసులో మెకానిక్‌ను మూడు జాబితాలు ఇమ్మంటాను. ఇప్పుడే చేయాల్సినవి, ఈ ఏడాదిలో చేయాల్సినవి, కనిపెట్టి ఉండాల్సినవి. మొదటి జాబితా ఆ రోజే పూర్తి చేస్తాను. రెండోదానికి నెలకు 10 వేల చొప్పున ఆ ఖాతాలోనే వేస్తున్నాను. ఆ 10 వేలు కొత్త కారు వాయిదా కంటే తక్కువే. కానీ నెల నెలా అంత తీయలేమనుకునేవాళ్లు, ఎంత చవకగా వచ్చినా సరే, ఈ కారు కొనకపోవడమే మేలు. కొత్త చిన్న కారు ఎంతో గౌరవంగా ఇల్లు చేరుస్తుంది.

నా పుస్తకంలో రెండో ఏడాది మొదటి పేజీలో ఇప్పుడున్నవి: వెనక బ్రేక్ ప్యాడ్లు, వెనక బుష్‌లు, డీజిల్ ఫిల్టర్. ప్యాడ్లకు డబ్బు సిద్ధంగా ఉంది. బుష్‌లు సంక్రాంతి తర్వాత.